కింది నుంచి కాసిన ఎండ

ఆ వేసవిలో మా ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు వినిపించేది.

"అన్నం డబ్బా గుమ్మం దగ్గర పెట్టానని చెప్పు," అనేది అక్క వంటింట్లోంచి. బావ అక్కడికి నాలుగడుగుల దూరంలో కూర్చుని చెప్పులు వేసుకుంటూ ఉండేవాడు. వాళ్ళిద్దరి మధ్య కాఫీ గ్లాసు పట్టుకుని నేను.

"బావా, డబ్బా గుమ్మం దగ్గర పెట్టిందట."

"కనిపిస్తోందని చెప్పు."

"కనిపిస్తోందట అక్కా."

"నీళ్ళ సీసా నిన్నట్లా అక్కడే వదిలేసి రావద్దని చెప్పు."

"సీసా..."

"విన్నాన్లే," అనేవాడు బావ. వెంటనే నాలిక కరుచుకుని, "విన్నానని చెప్పు," అని దిద్దుకునేవాడు.

చిన్న ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక పంపు ఉన్న కాస్త జాగా. ముందు గదిలో నిట్టూరిస్తే వంటింట్లో వినపడుతుంది. అక్క మాట బావకీ, బావ మాట అక్కకీ నా ప్రమేయం లేకుండానే చేరేవి. కానీ అలా చేరితే చేరినట్టు లెక్క కాదు. నా నోట్లోంచి ఒకసారి వెళ్ళొస్తేనే అది మాట. లేకపోతే ఉత్త చప్పుడు.

బావది డాబాలకి తెల్లరంగు వేసే పని. ఎండలు ముదిరితే డాబా కింది గదులు కొలిమిలా కాగుతాయి. పైన తెల్లగా రెండు పూతలు వేస్తే వేడి కొంత వెనక్కి పోతుంది. తడి తగిలితే ఆ రంగు పట్టదు, అందుకని మంచి ఎండలోనే వెయ్యాలి. కిందటేడు వేసవిలో అలా వేస్తూ కళ్ళు తిరిగి నిచ్చెన మీంచి జారిపడ్డాడు. చెయ్యి విరిగింది. ఆసుపత్రి మంచం మీద, కట్టు ఇంకా తడిగా ఉండగానే, ఇకమీదట తను ఎక్కనని అక్కకి మాటిచ్చాడు. కింద ఉండి రంగు కలుపుతాడు, నిచ్చెన పట్టుకుంటాడు, మిగతావాళ్ళు ఎక్కుతారు. ఏడాది అలాగే గడిచింది. ఈ వేసవి మొదట్లో ఒకరోజు అక్క కూరగాయలు కొనుక్కుని వస్తూ తలెత్తి చూస్తే, వీధి చివరి డాబా మీద బావ.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. కేకలేమీ లేవు.

"ఎక్కారా?" అంది అక్క.

"ఎక్కాను."

"మాటిచ్చారు."

"ఇచ్చాను."

అక్క కాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "అన్నం చల్లారిపోతోందని ఆయనకి చెప్పు," అంది. నేను చెప్పాను. అలా మొదలైంది.

నా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ ఊళ్ళో ఉద్యోగం దొరికినప్పుడు, గది చూసుకునేదాకా అని అక్క ఇంటికి వచ్చాను. వచ్చి చాలా ఏళ్ళయింది. ఫొటో స్టూడియోలో పని. తీసిన ఫొటోల్లో మచ్చలు, మొటిమలు, కళ్ళ కింద నలుపు చెరుపుతాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళ చర్మం మీద పొద్దస్తమానం నా చూపు తిరుగుతుంది. చేత్తో మాత్రం ఎవరి చర్మాన్నీ ముట్టుకున్నవాణ్ణి కాదు. జనం మధ్య నిలబడితే నా మోచేతులు వాటంతటవే దగ్గరికి ముడుచుకుంటాయి. అక్క ఇంట్లో నేను ఎప్పుడు వస్తున్నానో ఎప్పుడు వెళ్తున్నానో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అది నాకు ఇష్టమనే అనుకునేవాణ్ణి.

*

మొదట గడ్డం కింద కనిపించింది. ఎర్రగా, కందిపోయినట్టు. తర్వాత ముక్కుపుటాల అడుగున, చెవి తమ్మెల కింద. బావ వెడల్పు అంచు టోపీ పెట్టుకుని, మణికట్టు దాకా చేతులున్న చొక్కా తొడుక్కునే పనికి వెళ్ళేవాడు. కనక ఎండ అని ఎవరికీ తోచలేదు.

"ఆ రంగులో ఏం కలుపుతున్నారో అడుగు," అంది అక్క, తలుపు పక్క నుంచి అతని మెడ కేసి చూస్తూ.

"ఎప్పుడూ కలిపేదేనని చెప్పు."

"మరి ఎప్పుడూ ఇట్లా పొక్కలేదే."

ఇది ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ రంగు ఒంటికి పడలేదని తీర్మానించింది అక్క. పొద్దున పనికి వెళ్ళేముందు సబ్బుతో గట్టిగా కడిగి కొబ్బరినూనె పట్టించమంది. గిన్నెలో నూనె నా చేతికిచ్చింది, నేను బావ చేతికిచ్చాను, బావ అద్దం ముందు నిలబడి గడ్డం ఎత్తి రాసుకున్నాడు. రోజురోజుకీ ఎరుపు ముదిరింది. అక్క ఇంకాస్త నూనె ఇచ్చింది. పాపం, మెరుస్తూ వెళ్ళేవాడు.

ఒక సెలవు రోజున డబ్బా గుమ్మం దగ్గరే మర్చిపోయాడు. "మర్చిపోయారని చెప్..." అని ఆగిపోయింది అక్క. చెప్పాల్సిన మనిషి ఇంట్లో లేడు. "తీసుకెళ్ళి ఇచ్చిరా," అంది.

బడి డాబా అది. మెట్లెక్కి పైకి తల పెట్టేసరికి నాకు కళ్ళు మూసుకుపోయాయి. మూసుకున్నా తెల్లగానే ఉంది. కాసేపు పిట్టగోడ పట్టుకుని నిలబడి మెల్లగా తెరిచాను. సగం పైగా రంగు పడింది. ఆ తెలుపు మధ్యలో బావ, పొడుగు కర్రకి బ్రష్షు కట్టుకుని. టోపీ నీడ మొహం మీద ఉండాలి కదా. లేదు. నుదుటి కన్నా గడ్డం కింద వెలుతురు ఎక్కువగా ఉంది.

ఆ వెలుతురు నాకు తెలుసు. స్టూడియోలో ఎవరినైనా కూర్చోబెట్టి ఫొటో తీసేటప్పుడు, మెడ మీద నీడ పడకుండా మా ఓనరు వాళ్ళ ఒళ్ళో తెల్ల అట్ట పెట్టుకోమంటాడు. పైనున్న దీపం వెలుగు అట్ట మీద పడి, గడ్డం కిందికి తిరిగొస్తుంది.

"బావా, ఎండ నీకు కింది నుంచి కొడుతోంది."

అతను తన కాళ్ళ కేసి చూసుకున్నాడు. "కింది నుంచి ఎండేమిట్రా, నీకు కూడా కళ్ళు తిరుగుతున్నాయా?"

"వేడిని పైకి తోసెయ్యడానికే కదా ఈ రంగు. అది పైకి పోయే దారిలో నువ్వున్నావు."

కాసేపు ఆలోచించి నవ్వాడు. "అయితే పని బాగానే చేశానన్నమాట." కర్ర గోడకి ఆనించి డబ్బా విప్పాడు. "మీ అక్కకి చెప్పు, రంగుది తప్పు కాదని."

చెప్పాను. అక్క వింటూ చేతిలో పని ఆపేసింది. తన నూనె అతన్ని ఏం చేసి ఉంటుందో ఆలోచిస్తోందని నాకు అర్థమైంది. నూనె సీసా పై అరలోకి ఎక్కించేసింది. సాయంత్రానికి ఒక పాత నూలు దుప్పటి చింపి, ఈ చెవి నుంచి ఆ చెవికి గడ్డం కిందుగా వచ్చేట్టు ఒక గుడ్డ కుట్టింది. బావ అది కట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు.

"ఎట్లా ఉన్నానో మీ అక్కని అడుగు."

"పన్ను నొప్పొచ్చిన గుర్రంలా ఉన్నారని చెప్పు," అంది అక్క లోపల్నుంచి.

"గుర్రమంటోంది బావా."

"గాడిద అననందుకు సంతోషమని చెప్పు."

వంటింట్లో ఏదో గిన్నె మీద మూత పడింది. నవ్వాపుకోవడానికి అక్క ఎప్పుడూ అలా ఏదో ఒక చప్పుడు చేస్తుంది. అప్పటి నుంచి స్టూడియోలో ఎప్పుడు ఇంటికి వెళ్దామా అని గడియారం కేసి చూడటం నాకు అలవాటైంది.

*

ఎండలు బాగా ముదిరాక, ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి బావ ముందు గదిలో ముక్కాలిపీట మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజాల మీద కప్పుకున్నాడు కానీ తొడుక్కోలేదు. ఆ ఉక్కలో అతను వణుకుతున్నాడు.

మధ్యాహ్నం రంగు డబ్బా ఒలికి చొక్కా తడిసిపోయిందట. విప్పి పిట్టగోడ మీద ఆరేశాడు. సగం పూత వేసి దిగిపోతే, తర్వాత వేసింది ముందు దాంతో కలవక అతుకు కనిపిస్తుంది. అందుకని పూర్తయ్యేదాకా ఒంటి మీద ఏమీ లేకుండానే వేశాడు. చొక్కా ఎప్పుడో ఆరిపోయింది. తొడుక్కోవాలని గుర్తు రాలేదు. వీపంతా పైనుంచి, పొట్టా చంకలూ కింది నుంచి కాలిపోయాయి.

"రెండువైపులా కాలిన రొట్టెని చూశావా ఎప్పుడైనా?" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో మంచుముక్కల గిన్నె. నాకు అందించింది. నేను ఒక ముక్క తీసి అతని భుజం మీద పెట్టాను. అతని ఒళ్ళు మొత్తం ఒక్కసారి ఎగిరింది.

"మందుల షాపుకి వెళ్ళిరా," అంది అక్క గిన్నె వెనక్కి లాక్కుంటూ. "పరిగెత్తు."

మందుల షాపు ఆవిడ నేను చెప్పింది వింటూనే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. "మంచు పెట్టకండి. కాలిన చర్మానికి అది రెండో దెబ్బ. వెన్న, నూనె, పళ్ళ పేస్టు కూడా వద్దు. వంటింట్లో సామాన్లు వంటింట్లోనే ఉంచండి. మామూలు పంపు నీళ్ళలో మెత్తటి నూలుగుడ్డ తడిపి కప్పండి. వేడెక్కగానే తీసి మళ్ళీ తడపండి. మంట తగ్గాక ఈ కలబంద జెల్ పల్చగా రాయండి, రుద్దకండి. నీళ్ళు బాగా తాగించండి. పొక్కులొస్తే చిదమకండి, వాటంతటవే తగ్గుతాయి. జ్వరం పెరిగినా, వాంతులైనా, మాట తడబడినా నా దగ్గరికి కాదు, ఆసుపత్రికి వెళ్ళండి."

ఇంటికొచ్చి అంతా అప్పజెప్పాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు కాబట్టి ఒక్కసారి చెబితే సరిపోయింది. ఆ వేసవిలో అలా జరిగింది అప్పుడే.

"మాట తడబడితే ఎలా తెలుస్తుందో అడుగు," అన్నాడు బావ. "మాట్లాడేవాళ్ళేరీ?"

నేను అక్క వైపు చూశాను. ఆమె గుడ్డ మడతలు విప్పుతోంది. "నీళ్ళు చల్లారాయి, తీసుకెళ్ళు," అంది.

అట్లా అతని వీపు నా చేతికి వచ్చింది.

మొదటి గుడ్డ కప్పబోతే నా మోచేతులు వాటంతటవే ముడుచుకున్నాయి. పొయ్యి దగ్గర చెయ్యి పెట్టినట్టు, ముట్టుకోకముందే ఆ వేడి నా అరచేతికి తెలిసింది. తడిగుడ్డ పరవగానే అతని ఊపిరి మొత్తం బయటికి వచ్చింది. చూస్తుండగానే గుడ్డ వేడెక్కిపోయింది. తీశాను, తొట్టిలో ముంచాను, పిండకుండా మళ్ళీ పరిచాను. తెర మీద చర్మాన్ని నేను ఎంతైనా సరిచెయ్యగలను. ఇక్కడ చెయ్యగలిగింది తడపడం, ఆరేదాకా ఉండటం, మళ్ళీ తడపడం. అంతే పని. ఆ అంతే అన్నది నాకు నచ్చింది.

"ఎడమ రెక్క కింద వదిలేశాడు," అంది అక్క గుమ్మంలోంచి.

"ఎవరికి చెబుతున్నావక్కా?"

"నీకే."

గుడ్డ కిందికి జరిపాను.

"బావమరిదీ, నీ చెయ్యి ఇటుకలా ఉందని మీ అక్కకి చెప్పు."

"ఎలకని పట్టుకునే చెయ్యి మరి, అలాగే ఉంటుందని చెప్పు," అంది అక్క. నా కంప్యూటర్ మౌస్ గురించి ఆమెకి తెలిసింది అంతే.

రెండోరోజుకి భుజాల మీద పొక్కులు లేచాయి. జ్వరం కొంచెం వచ్చి పోయింది. పనికి వేరేవాళ్ళు వెళ్ళారు. పగలు నేను స్టూడియోకి వెళ్ళేముందు తడిపి వెళ్ళేవాణ్ణి, మధ్యాహ్నం భోజనానికి వచ్చి తడిపేవాణ్ణి, సాయంత్రం మళ్ళీ. జెల్ రాయడం నేర్చుకున్నాను, వేలి చివర్లతో, ఆనీ ఆనకుండా. అక్క పాత దుప్పట్లన్నీ చింపింది. మెత్తగా అరిగినవి ఏవో చేత్తో తడిమి ఎంచి నాకు ఇచ్చేది. వదులు చొక్కాలకి మెడ పట్టీ కత్తిరించింది. నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి, "తాగారో లేదో అడుగు," అనేది. గ్లాసు ఖాళీగా ఆమె కళ్ళెదురుగానే ఉండేది.

ఇంట్లో అంత మాటల సందడి నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ లేదు. మాటలున్న రోజుల్లో వాళ్ళు ఇంతగా మాట్లాడుకోలేదు. అప్పుడు "ఊఁ" అంటే సరిపోయేది. ఇప్పుడు "ఊఁ అన్నానని చెప్పు" అనాలి. ఆ చిన్న శ్రమ వల్ల ఇద్దరూ మాటలు ఏరుకుంటున్నారు, ఒకర్నొకరు నవ్వించాలని చూస్తున్నారు, నా భుజం మీదుగా. సాయంత్రాలు ఇంటికి నడుస్తుంటే నా పెదాలు కదిలేవి. ఒకసారి ఎదురొచ్చినావిడ ఆగి, "నన్నేనా?" అని అడిగింది. నేను నాలో నేను బావ గొంతుతో ఒక మాటా, అక్క గొంతుతో దానికి జవాబూ చెప్పుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం అక్క పంపు దగ్గర గుడ్డలు ఉతుకుతోంది. బావ బల్ల మీద మోచేతులాన్చి కూర్చున్నాడు. నేను భుజాలకి జెల్ రాస్తున్నాను. అతను ఉన్నట్టుండి, ఎప్పుడూ నాతో మాట్లాడే వేళాకోళం గొంతు కాకుండా, మెల్లగా అన్నాడు.

"ఏడాదంతా నిచ్చెన పట్టుకున్నానురా. పైన వాళ్ళు పని చేస్తుంటే కింద నేను. ఒకరోజు మరీ దాహమేసి, వదిలేసి టీ తాగడానికి వెళ్ళాను. వచ్చేసరికి అన్నీ అలాగే ఉన్నాయి. నేను లేనని ఎవరూ చూడలేదు. నిచ్చెన కూడా పడలేదు."

నా వేలు ఒకచోట ఆగింది.

"ఆ మర్నాడే పైకెక్కాను," అన్నాడు.

"అక్కకి చెప్పనా?"

"వద్దు. ఇది ఇంకొకరి చేత చెప్పించేది కాదు," అన్నాడు.

ఆ మాట నాతో పాటు స్టూడియోకి వచ్చింది. చెప్పకూడని మాట మోయడం నాకు కొత్త. చెప్పాల్సిన మాటకి బరువుండదు, ఈ చేత్తో అందుకుని ఆ చేత్తో ఇచ్చేస్తాం. ఇది మాత్రం ఎక్కడ పెట్టినా అడ్డంగానే ఉంది. అతను ఎందుకు ఎక్కాడో అక్కకి తెలియాలి. ఆమె కోపమంతా, అతను తన మాటని లెక్కచెయ్యలేదనే. సంగతి అది కాదని నాకు తెలుసు. నాకు మాత్రమే తెలుసు. అలా తెలియడం నాకు ఒక మూల హాయిగా కూడా ఉంది. ఆ హాయిని చూసి నాకే ఆశ్చర్యమేసింది.

*

తర్వాత రెండు మూడు రోజులకి బడిపిల్లల ఫొటోలు కట్టలుగా వచ్చిపడ్డాయి. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళడం కుదరలేదు. సాయంత్రం కూడా దీపాలు పెట్టే వేళయింది.

ముందు గదిలో అడుగు పెట్టేసరికి నిశ్శబ్దంగా ఉంది. బావ పీట మీద, బల్ల మీదికి వంగి, తల చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు. వీపు మీద గుడ్డ. అక్క గడప మీద కూర్చుని ఉంది. పక్కన నిండా నీళ్ళున్న తొట్టి. ఆమె చెయ్యి చాస్తే అతని వీపు అందుతుంది. చాచనక్కర్లేదు కూడా, కొంచెం ముందుకి వంగితే చాలు.

"ఆలస్యమైందేం?" అన్నారు. ఇద్దరూ, ఒకేసారి.

గుడ్డ మీద చెయ్యి వేశాను. ఎండిన కాగితంలా పెళుసుగా తగిలింది. ఎత్తబోతే రాలేదు. కుడి భుజం దగ్గర ఒక పొక్కు చితికి, రసికారి, గుడ్డతో కలిసి అట్టకట్టింది.

నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా పోశాను. గుడ్డ మెత్తబడేదాకా ఆగాను. నెమ్మదిగా ఒక మూల నుంచి ఒలుచుకుంటూ వచ్చాను. అయినా ఒకచోట చర్మం దాంతో పాటే లేచి వచ్చింది. బావ కాలివేళ్ళు నేల మీద ముడుచుకున్నాయి. అక్క మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఎప్పట్నుంచి ఆరిపోయి ఉంది ఇది?" అన్నాను.

ఎవర్ని అడిగానో నాకే తెలియదు. ఆ వేసవిలో వాళ్ళిద్దర్నీ కలిపి నేను సొంతంగా అడిగిన ప్రశ్న బహుశా అదొక్కటే.

పచ్చిగా ఉన్నచోట శుభ్రమైన నీళ్ళు పోసి, మందుల షాపుకెళ్ళి ఆవిడిచ్చిన మెత్తటి పట్టీ తెచ్చి వేశాను. చెయ్యి పని చేసుకుపోతుంటే బుర్ర వేరే చోట తిరుగుతోంది. నేను ఇవాళ అసలు రాననే అనుకుందాం. అక్క ఎంతసేపు కూర్చునేది? ఇంకాసేపు. తర్వాత అతను కదిలేవాడు, లేదా మూలిగేవాడు. ఆమె లేచేది. ఏదో ఒకటి అనేది. తిట్టేదేమో. కానీ నేను వస్తాను. రావడం ఖాయం. అది తెలుసు కాబట్టే కూర్చుంది. అతనూ అందుకే అడగలేదు. గుడ్డ ఆరుతుంటే ఇద్దరూ వీధి తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇన్నాళ్ళూ నేను వాళ్ళ మధ్య మాటలు మోసే ఫోను తీగలాంటివాణ్ణనుకున్నాను. తీగని కాదు, గోడని. చిన్న కిటికీ ఉన్నా గోడ గోడే.

*

పొక్కులు మానడం మొదలయ్యాక వీపు పొట్టు రాలింది. దురదకి బావ గదంతా తిరిగేవాడు. "గోకవద్దని చెప్పు," అని అక్క, "గోకడం లేదు, తలుపుకి ఆనుకున్నానని చెప్పు," అని బావ. నేను చెబుతూనే ఉన్నాను. కానీ గొంతులో మునుపటి ఉత్సాహం లేదు. వాళ్ళకది తెలిసినట్టు లేదు.

ఒక పొద్దున అక్క ముందు గది ఊడుస్తోంది. నేను లోపలి గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. పీట చుట్టూ ఉల్లిపొరలా పల్చగా రాలిన పొట్టు. అక్క వంగి, అందులోంచి ఒక పొరని వేలి కొసకి అంటించుకుని కిటికీ వెలుతురు కేసి ఎత్తింది. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత చేటలో రాల్చి, చీపురు తీసుకుంది. తలెత్తితే నేను.

"ఏం చూస్తున్నావ్? పనికి వేళవ్వలేదా?" అంది.

ఆ రోజే మా ఓనర్ని అడిగాను. స్టూడియో మీద ఒక గది, పాత దీపాలూ విరిగిన కుర్చీలూ పడేసి ఉండేది. "అందులో ఎలకలు కూడా ఉండలేక పోయాయి," అన్నాడు ఆయన. "నీకేం ఖర్మ? అక్కాబావా ఏమైనా అన్నారా?"

"ఏమీ అనలేదు," అన్నాను. నిజమే చెప్పాను. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. సామాను జరుపుకుంటే గది నాదేనన్నాడు.

బావ మర్నాటి నుంచి పనికి వెళ్ళాలనుకుంటున్నాడు. రాత్రి భోజనానికి ముగ్గురం కింద కూర్చున్నాం. అక్క నాకు వడ్డించి గరిటె గిన్నెలో పెట్టింది. గిన్నె నా వైపు జరిపింది. నేను దాన్ని బావ వైపు జరపాలి. అది కూడా మాట లాంటిదే.

గిన్నె అక్కడే ఉంచాను.

"స్టూడియో మీద గది ఖాళీగా ఉంది," అన్నాను. "ఈ ఆదివారం వెళ్ళిపోదామనుకుంటున్నాను."

అక్క చెయ్యి నోటి దాకా వెళ్ళి ఆగింది. "వెళ్ళిపోవడమేమిటి?"

"పనికి దగ్గర కదా."

"ఇది మాత్రం ఏం దూరం? పది నిమిషాలు పట్టదు. ఎవరేమన్నారు నిన్ను?"

"ఎవరూ ఏమనలేదక్కా."

"తిండో?"

"తిండికేం?"

ఆమె నన్ను చూసింది. నా మొహంలో తనకి కావలసిందేదీ దొరకలేదు. తల బావ వైపు తిప్పింది.

"వింటున్నారా? వీడు వెళ్ళిపోతాడట," అంది.

"వింటున్నా," అన్నాడు బావ.

"మీరేమైనా అన్నారా?"

"నేనేమంటాను? పొద్దున్న కూడా బాగానే ఉన్నాడు."

"స్టూడియో మీద గదంటే కప్పు రేకులది. ఈ ఎండల్లో మాడిపోడూ?"

"రంగు వేయిస్తాలే."

"వేయిస్తారా, వేస్తారా?"

అతను అన్నం కలపడం ఆపాడు. నేను నా కంచంలోకే చూస్తున్నాను. ఏం జరుగుతోందో వాళ్ళిద్దరికీ ఇంకా తెలియలేదు. ఏటి మీది చెక్కపలక దాటినవాడు అవతలి గట్టెక్కాక గానీ వెనక్కి చూసుకోడు. అలా ఉన్నారు. గాలి పీల్చినా తెలిసిపోతుందేమోనని నేను మెల్లగా నమిలాను.

"వేస్తాను," అన్నాడు బావ.

"ఎక్కుతారన్నమాట మళ్ళీ."

"ఎక్కుతాను."

"ఎందుకో చెప్పండి. వద్దనను. ఎందుకో మాత్రం చెప్పండి."

బావ నా వైపు తిరిగాడు. మొహం ఎర్రబడింది, ఈసారి ఎండకి కాదు. నోరు తెరిచాడు.

"మీ అక్కకి..."

"నేనిక్కడే ఉన్నాను," అంది అక్క. "నాకు చెప్పండి."

నేను కంచం తీసుకుని లేచాను. ఎవరూ ఆపలేదు. వెనక్కి వెళ్ళి చెయ్యి కడుక్కుని, పక్క సందులోంచి వీధిలోకి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. గచ్చు ఇంకా వెచ్చగానే ఉంది. కాసేపటికి లోపల బావ గొంతు, తగ్గు స్థాయిలో, ఆగి ఆగి. మధ్యలో ఒకచోట అక్క ఏదో అడిగింది. మళ్ళీ బావ.

మాటలు ఏమిటో ఇక్కడికి తెలియడం లేదు. ఒక మెట్టు పైకి జరిగితే తెలిసేవి. నేను కాళ్ళు చాపుకుని, ఒక మెట్టు కిందికి జరిగి కూర్చున్నాను.